తారామండలపేట ఇనుప జువ్వలు

బెంగళూరు పాత పేటలో ఏ వీధి ఏ పనికి పుట్టిందో దాని పేరే చెబుతుంది. బళేపేట గాజులది. అక్కిపేట బియ్యానిది. అరళెపేటలో పత్తి, కుంబారపేటలో కుండలు, గాణిగరపేటలో నూనె. 1537లో కెంపేగౌడ పునాది వేసిన ఈ పేటలో బేరసారాలు ఇవాళ్టికీ కన్నడంతోపాటు తెలుగులోనూ సాగుతాయి. ఆ కెంపేగౌడ పేరిటే తెలుగులో ‘గంగాగౌరీ విలాసం’ అనే యక్షగానం ఉంది. బళేపేటలో ఇప్పుడు గాజులకంటే పెళ్లి సామాను, పట్టుచీరలు, వీణలు, తబలాలు, హార్మోనియంలు ఎక్కువ కనిపిస్తాయి. అక్కడినుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, అదే పేటలో, తారామండలపేట ఉంది. మైసూరు ఏలిన టిప్పు సుల్తాన్ కాలంలో బాణసంచా తయారైన వాడలకు ఆ పేరుండేది. ఉత్సవాలకు వెలుగు పూలు పూయించిన ఆ చేతులే యుద్ధానికి ఇనుప రాకెట్లు చేశాయి.

ఇంగ్లీషు దొరతనాన్ని ఎదిరించిన కథలను మనం రాజుల పేర్లతో, యుద్ధాల తేదీలతో చెప్పుకుంటాం. ఆ ఎదిరింపు ఎందుకు రగిలింది, ఎంతవరకు నిలిచింది, ఓడిన తరువాత ఏమైంది అనే మూడు ప్రశ్నలకూ ఈ పేటల పనివాళ్లు చేసిన వస్తువులో జవాబులున్నాయి. ఆ వస్తువును దగ్గరగా చూసినకొద్దీ దాన్ని చేసిన కమ్మరి మీద, మందు కూరినవాడి మీద, తోలు బిగించినవాడి మీద గౌరవం పెరుగుతుంది. చరిత్ర పుస్తకాల్లో వాళ్ల పేర్లు మిగల్లేదు. వాళ్ల పని మాత్రం కొలతలతో సహా మిగిలింది.

గొట్టం, మందు

లండన్‌లోని వూలిచ్‌లో ఇంగ్లీషు రాజు ఫిరంగిదళం మ్యూజియానికి రెండు మైసూరు రాకెట్లు చేరాయి. ఒకదాని ఇనుప గొట్టం వ్యాసం 58 మిల్లీమీటర్లు, పొడవు 254. దాన్ని 1.02 మీటర్ల తిన్నని కత్తికి పచ్చితోలుతో కట్టారు. రెండోదాని గొట్టం 37 మిల్లీమీటర్ల వ్యాసంతో 198 పొడవుంది. దాన్ని 1.90 మీటర్ల వెదురు కర్రకు తోలు పట్టీతో బిగించారు. ఈ ఆరు అంకెల్లోనే చాలా తెలివి దాగి ఉంది.

దీపావళి తారాజువ్వను విప్పి చూసినవాళ్లకు దాని కట్టుబడి తెలుసు: కాగితపు గొట్టం, లోపల కూరిన మందు, పక్కన కట్టిన పుల్ల. మైసూరు రాకెట్ వంశం కూడా అదే. మందు మండితే వాయువు పుడుతుంది. అది గొట్టంలో ఒత్తిడిగా పేరుకుని, తెరిచి ఉన్న మూతి గుండా వెనక్కి దూసుకుపోతుంది. ఆ తోపుకు గొట్టం ముందుకు పరుగెత్తుతుంది. గొట్టం ఎంత ఒత్తిడిని ఓర్చుకుంటే పరుగు అంత దూరం సాగుతుంది. కాగితమూ కర్రా కొంతవరకే ఓర్చుకుని చీలిపోతాయి. ఆనాటి ఐరోపా రాకెట్లు ఆ హద్దు దగ్గరే ఆగిపోయాయి.

ఇనుము వాడగానే సమస్య తీరదు. గొట్టం మందంగా ఉంటే దాని బరువే దాన్ని కిందకు లాగుతుంది. పలుచగా ఉంటే పగులుతుంది. పోత ఇనుము పెళుసు, ఒత్తిడికి ముక్కలవుతుంది. మైసూరు కమ్మరులు ఎంచుకున్నది సుత్తితో సాగదీసిన మెత్తని చేత ఇనుము. కొలిమిలో కాచి, దాగలి మీద పెట్టి కొడుతూ పోతే ఆ ఇనుములోని మలినం బయటికి వస్తుంది, లోహం ఒక్కతీరుగా పరుచుకుంటుంది. ఎక్కడా ఎత్తుపల్లాలు ఉండకూడదు. పలుచబడ్డ చోటు ఒక్కటి దొరికినా వాయువు అక్కడే దారి చేసుకుంటుంది. రేకు గొట్టంగా మారాలంటే రెండు అంచులు ఎక్కడో కలవాలి. ఒక కొన మూసుకుపోవాలి. ఆ అతుకూ ఆ మూతా పనివాడికి అసలు పరీక్ష. అవి వదులైతే రాకెట్ శత్రువు దాకా వెళ్లదు, నిప్పు పెట్టినవాడి చేతుల్లోనే పేలుతుంది.

ఇంత నమ్మకమైన ఇనుము ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1800లో మైసూరు సీమంతా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్, మాగడి పరిసరాల్లో ఇనుము తీసే కొలుముల గురించి, చన్నపట్నంలో వాద్యాల తంతుల కోసం ఉక్కు తీగ లాగే పని గురించి వివరంగా రాశాడు. ఆ తీగకు దూరదేశాల్లోనూ గిరాకీ ఉండేది. తెగకుండా పలికే తంతిని లాగగలిగిన సీమలో, పగలకుండా మండే గొట్టాన్ని కొట్టగలిగిన చేతులు ఉండటంలో వింత లేదు. బళేపేటలో వీణ కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. సంగీతానికీ సమరానికీ ఇక్కడ ఒకే లోహజ్ఞానం ఆధారం.

గొట్టంలోకి వెళ్లే మందు సురేకారం, గంధకం, బొగ్గుల మిశ్రమం. ఈ మూడూ ప్రపంచమంతా తెలిసినవే. నైపుణ్యమంతా కూరడంలో ఉంది. మందు వదులుగా ఉన్నా, గట్టిపడ్డ మందులో పగుళ్లున్నా నిప్పు ఆ సందుల్లోకి జొరబడి ఒక్కసారిగా అంతా అంటుకుంటుంది. అప్పుడు రాకెట్ బాంబు అవుతుంది. కొద్దికొద్దిగా పోస్తూ, ప్రతి పొరనూ ఒకే బలంతో దట్టిస్తే నిప్పు వరసగా, పొర వెంట పొరగా వెళ్తుంది. ఇందులో కంటికంటే చేతికే తెలివి ఎక్కువ కావాలి. దాదాపు పౌను మందు పట్టిన రాకెట్ వెయ్యి గజాల దాకా వెళ్లేదంటే ఆ చెయ్యి ఎంత కుదురైనదో ఊహించవచ్చు.

కట్టు, తోక

ఇనుప గొట్టాన్ని తోకకు కట్టడానికి వాడింది పచ్చితోలు. తడిపి చుట్టిన పచ్చితోలు ఆరేకొద్దీ ముడుచుకుని బిగుస్తుంది. మేకులు కొడితే గొట్టానికి చిల్లులు పడతాయి, ఒత్తిడి కారిపోతుంది. తాడు కడితే అదురుకు సడలుతుంది. తోలు ఏ గాయమూ చేయకుండా గట్టిగా పట్టుకుంటుంది. ఊళ్లో దొరికే సరుకుతో ఇంతకంటే మంచి కట్టు లేదు.

ఇప్పుడు వూలిచ్ రాకెట్ల కొలతలను పక్కపక్కన పెట్టి చూడండి. వెదురు తోక తన గొట్టానికి తొమ్మిదిన్నర రెట్లు పొడవు. కత్తి తోక తన గొట్టానికి నాలుగు రెట్లే. తోక పని రాకెట్‌ను తిన్నగా నడిపించడం. వెదురు తేలిక, అందువల్ల పొడవు కావాలి. ఇనుప కత్తి బరువు, అందువల్ల పొట్టిదైనా తూకం కుదురుతుంది. లెక్క కాగితం మీద వేశారో, చేతి మీద నిలబెట్టి తూచారో గానీ, రెండు రకాల తోకలకు రెండు నిష్పత్తులు కుదిర్చిన మనిషికి బరువుకేంద్రం గురించి బాగా తెలుసు. పైగా కత్తి తోకకు రెండో పని కూడా ఉంది. మందు అయిపోయి రాకెట్ పల్టీలు కొడుతూ దిగేటప్పుడు ఆ పదును గుంపుల మధ్య తిరుగుతూ పడుతుంది.

వస్తువుతో సమానంగా మెచ్చుకోవలసింది దాన్ని వాడిన శిక్షణ. గొట్టం వ్యాసాన్నీ గురి దూరాన్నీ బట్టి ఎంత వాలులో నిలపాలో రాకెట్‌వాళ్లకు నేర్పేవారు. చక్రాల బండ్ల మీద అమర్చి ఒకేసారి ఐదు నుంచి పది రాకెట్ల దాకా వదిలే ఏర్పాటు కూడా ఉండేది. రాకెట్ గురి ఫిరంగి గురి అంత నికరం కాదు. గాలికి తప్పుకుంటుంది, నేల తాకి దిశ మారుస్తుంది. అందుకే విడిగా కాక వరసగా, గుంపుల మీద వాడారు. ఇంగ్లీషు సైన్యం ఫిరంగులూ తిండిగింజలూ ఎద్దుబండ్ల మీద మోసుకుంటూ కదిలేది. మంటతో కీచుమంటూ వచ్చే ఇనుమును చూసి ఎద్దులు, గుర్రాలు బెదిరితే ఆ సైన్యం నడకే ఆగిపోతుంది. శత్రువు బలహీనత ఎక్కడుందో చూసి దానికి సరిపడ ఆయుధం చేశారన్నమాట.

ఎందుకు పెరిగింది?

మైసూరును ఏలిన హైదర్ అలీ తండ్రి ఫతే మహమ్మద్ ఆర్కాటు నవాబు కొలువులో 50 మంది రాకెట్‌వాళ్లకు నాయకుడు. హైదర్ కాలానికి మైసూరు రాకెట్ దళం సుమారు 1,200 మంది. ఆయన కొడుకు టిప్పు తన సైనిక నియమావళి ‘ఫత్‌హుల్ ముజాహిదీన్’లో ఒక్కో కుషూన్‌కు, అంటే సైనిక దళానికి, 200 మంది రాకెట్‌వాళ్లను కేటాయించాడు. కుషూన్‌లు 16 నుంచి 24 దాకా ఉండేవి. అంటే మూడు తరాల్లో 50 నుంచి మూడు వేలు దాటారు. ఈ పెరుగుదల వెనుక ఉన్నది ఒత్తిడి.

ఆ ఒత్తిడి పేరు ఈస్టిండియా కంపెనీ. 1766లో అది నిజాం నుంచి ఉత్తర సర్కారులు రాయించుకుని తెలుగు కోస్తాను చేజిక్కించుకుంది. 1769లో మద్రాసు గడప దాకా వెళ్లిన హైదర్‌తో, ఒకరికి ఆపద వస్తే మరొకరు ఆదుకోవాలని ఒప్పందం చేసుకుంది. రెండేళ్లలోపే మరాఠాలు మైసూరు మీద పడితే కంపెనీ కదలలేదు. 1779లో హైదర్ రక్షణలో ఉన్న ఫ్రెంచివాళ్ల రేవు మాహేను పట్టుకుంది. మాట తప్పడం, రేవులు మూసేయడం, పొరుగు రాజ్యాలను ఒక్కొక్కటిగా మింగడం: ఎదిరింపుకు కారణాలు ఇవే. కంపెనీ పేరుకు వర్తక సంఘమే గానీ, దాని అధికారం ఇంగ్లీషు కిరీటం ఇచ్చిన పట్టా నుంచి వచ్చింది. దాని యుద్ధాల్లో రాజు పటాలాలు పాల్గొన్నాయి. మైసూరు స్వతంత్ర రాజ్యం, కాబట్టి హైదర్, టిప్పుల పోరును తిరుగుబాటు అనలేం. అయితే ఆ పోరు చల్లారిన బూడిదలోనే తిరుగుబాట్లు పుట్టాయి. టిప్పు పాలనలో కొడగు, మలబారు పడిన బాధలు వేరే న్యాయవిచారణకు చెందినవి. వాటిని తక్కువ చేయకుండానే పేట పనివాళ్ల ఘనతను ఒప్పుకోవచ్చు.

1780 సెప్టెంబర్ 10న పొల్లిలూరులో కంపెనీ సేనాని బెయిలీ సైన్యం మందుగుండు బండ్లు పేలిపోయి ఘోరంగా ఓడింది. ఆ పేలుడుకు హైదర్ రాకెట్ కారణమని చెబుతారు. శ్రీరంగపట్నం దరియా దౌలత్ బాగ్ గోడ మీద ఆ యుద్ధం ఇవాళ్టికీ రంగుల్లో కనిపిస్తుంది. అదే కాలంలో అమెరికాలో 13 వలసలు ఇంగ్లీషు రాజును ధిక్కరించి పోరాడుతున్నాయి. మైసూరు కబురు అంతదూరం పాకింది. 1782 ఏప్రిల్‌లో ఇంగ్లీషు నౌక ‘జనరల్ మాంక్’ను లొంగదీసిన పెన్సిల్వేనియా నౌక పేరు ‘హైదర్ ఆలీ’.

ఈ రెండు రంగాలనూ, మూడో రంగాన్నీ ఒకే మనిషి జీవితం కలుపుతుంది. ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ 1781లో యార్క్‌టౌన్‌లో అమెరికన్లకు లొంగిపోయాడు. పదేళ్లకు, 1791 మార్చి 7న, బెంగళూరు పేట గోడలు దాటించాడు. 21వ తేదీ రాత్రి కోట పట్టుకున్నాడు. 1798లో ఐర్లండ్ తిరగబడితే దాన్ని అణచిందీ అతడే. అమెరికాలో నెగ్గిన తిరుగుబాటుకు సముద్రం అడ్డం, ఫ్రాన్స్ తోడు. మైసూరుకు చుట్టూ ఉన్న పొరుగులే, నిజాం, పేష్వా, ఇంగ్లీషువాడి పక్కన నిలిచారు. పనితనంలో లోటు లేదు. పొత్తులో వచ్చింది లోటు.

ఓటమి తరువాత

1792 ఒప్పందంతో మైసూరు సగం రాజ్యం పోయింది. 3 కోట్ల 30 లక్షల రూపాయల పరిహారం నెత్తిన పడింది. ఇద్దరు రాకుమారులు తాకట్టుగా వెళ్లారు. అయినా కొలుములు ఆగలేదు. 1799 ఏప్రిల్ 5 రాత్రి శ్రీరంగపట్నం దగ్గర సుల్తాన్‌పేట తోపులో, తరువాత వెల్లింగ్టన్ ప్రభువు అయిన ఆర్థర్ వెల్లస్లీ, చీకట్లో రాకెట్లకూ తుపాకులకూ తట్టుకోలేక వెనుదిరిగాడు. మే 4న కోట పడింది. లోపల దొరికిన సామగ్రి లెక్కలో రాకెట్లు వదిలే సాధనాలు 600, పనికొచ్చే రాకెట్లు 700, ఖాళీ గొట్టాలు 9,000 ఉన్నాయి. ఆ తొమ్మిది వేలు చూడండి. కమ్మరి తన వంతు పని పూర్తి చేసి పెట్టాడు. నింపడానికే వ్యవధి లేకపోయింది.

దొరికిన రాకెట్లు ఇంగ్లండు చేరాయి. 1804 ప్రాంతంలో విలియం కాంగ్రీవ్ వూలిచ్‌లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. లండన్‌లో కొనగలిగిన మంచి రాకెట్లు 600 గజాలకు మించి వెళ్లలేదు. అతడు ఇనుప గొట్టానికి మారి దూరం పెంచాడు. 1806లో బులోన్, 1807లో కోపెన్‌హాగన్, 1814లో బాల్టిమోర్ ఆ రాకెట్ల కింద వణికాయి. అమెరికా జాతీయ గీతంలో రాకెట్ల ప్రస్తావన ఆ బాల్టిమోర్ రాత్రి నుంచే వచ్చింది. మన కమ్మరి పనికి ఇంతకంటే పెద్ద ఒప్పుకోలు పత్రం లేదు. గెలిచినవాడు ఓడినవాడి ఆయుధాన్ని ఎంచి నకలు చేసుకున్నాడు.

ఈ కథలో డబ్లిన్‌కు కూడా చోటుంది. 1798 ఓటమి, 1801లో ఐర్లండ్‌ను ఇంగ్లండుతో కలిపేసిన చట్టం రగిల్చిన కోపంతో ఐరిష్ విప్లవకారుడు రాబర్ట్ ఎమెట్ 1803లో రహస్య గిడ్డంగుల్లో రాకెట్లు చేయించాడు. జూలై 16న పాట్రిక్ వీధి గిడ్డంగిలో మందు పేలింది. గుట్టు బయటపడుతుందన్న భయంతో తొందరపడి 23న లేచిన తిరుగుబాటు ఆ రాత్రికే కూలిపోయింది. సెప్టెంబర్ 20న ఎమెట్‌ను ఉరితీశారు. ధైర్యంలో డబ్లిన్ యువకులు ఎవరికీ తీసిపోరు. వాళ్లకు లేనిది తారామండలపేట. తరాలుగా మందు దట్టించిన చేతులు, గొట్టం తట్టి చప్పుడుతోనే మంచిచెడ్డలు చెప్పగల గురువులు, తప్పు దిద్దుకునే వ్యవధి ఒక గిడ్డంగిలో కొద్ది నెలల్లో పుట్టవు.

ఆ తేడా తెలుగు సీమలోనూ కనిపిస్తుంది. మైసూరు నుంచి నిజాం పంచుకున్న కడప, అనంతపురం, బళ్లారి సీమలు 1800లో కంపెనీకి దక్కి దత్త మండలాలయ్యాయి. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో సుమారు 80 మంది పాలెగాళ్ల కోటల్నీ బలగాల్నీ నిర్వీర్యం చేసి, వాళ్లను పింఛనుదార్లుగా మార్చాడు. ఆ పింఛనులోనూ, మాన్యాలలోనూ సర్కారు చేయి పెట్టినప్పుడు 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచాడు. కోయిలకుంట్ల ఖజానా మీద దాడి చేశాడు. వేలమంది రైతులు వెంట నడిచారు. కానీ ఒక రాజ్యం కార్ఖానాలు ఆయన వెనుక లేవు. 1847 ఫిబ్రవరి 22న ఉరితీసి, ఆయన తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీశారు. యాభై ఏళ్లలో దొరతనం సాధించిన మార్పు ఇది: ఎదిరించే మనసు మిగిలింది, ఆ మనసుకు ఆయుధం చేసిపెట్టే వృత్తి చెదిరిపోయింది. ప్రజల చేతినుంచి కత్తి లాక్కోవడం ఒక పూట పని. కత్తి చేసే విద్యను ఎండగట్టడం దానికన్నా లోతైన గెలుపు.

తిరిగి దొరికినవి

శివమొగ్గ జిల్లా నగర ఒకప్పటి బిదనూరు. 1799లో శ్రీరంగపట్నం చెర నుంచి బయటపడిన ధోండియా వాఘ్ మనుషుల్ని కూడగట్టింది ఈ సీమలోనే. మరుసటి ఏడు సెప్టెంబర్‌లో వెల్లస్లీ గుర్రపు దండు అతన్ని చంపేదాకా ఆ తిరుగుబాటు సాగింది. అదే నగరలో 2018లో ఎండిపోయిన బావిని కర్ణాటక పురావస్తు శాఖ తవ్వితే వెయ్యికి పైగా మైసూరు రాకెట్ల గొట్టాలు బయటపడ్డాయి. పొడవు 23 నుంచి 26 సెంటీమీటర్లు. మట్టిలో అప్పటికీ మందు వాసన ఉండింది. వూలిచ్ చేరిన పెద్ద గొట్టం పొడవు 25.4 సెంటీమీటర్లని గుర్తు చేసుకోండి. వేల మైళ్ల దూరంలో దొరికిన గొట్టం కొలత కూడా ఆ హద్దుల్లోనే ఉందంటే, ఈ పనివాళ్లు తోచినట్టు కొట్టలేదని అర్థమవుతుంది. ఒక కొలమానానికి కట్టుబడి వేలకొద్దీ గొట్టాలు చేశారు.

ఈ పనితనాన్ని శాస్త్రవేత్త కళ్లతో చూసి ప్రపంచానికి చెప్పినవాడు రొద్దం నరసింహ. పెనుకొండ దగ్గరి రొద్దం ఊరు ఆయన ఇంటిపేరులోనే ఉంది. 1933లో బెంగళూరులో పుట్టి, అక్కడి జాతీయ విమాన పరిశోధనశాలకు సంచాలకుడైన ఆయన, 1985లో మైసూరు, బ్రిటన్ రాకెట్ల మీద అధ్యయనం వెలువరించాడు. వాయుగతిశాస్త్రంలో అంతటి పండితుడు, పేరు తెలియని కమ్మరుల గొట్టం కొలతలు, దూరాలు, లోహం సరిచూశాడు. అదే అధ్యయనంలో కాంగ్రీవ్ పద్ధతిని కూడా నిజాయతీగా మెచ్చుకున్నాడు. చేతిలో పుట్టిన విద్యను ఇంగ్లండు ప్రయోగశాలలో లెక్కగా, పట్టికగా మార్చుకుంది, మనకు ఆ అవకాశం దక్కకుండా పోయింది అన్నది ఆ పోలికలో తేలే పాఠం.

నగర రాకెట్లు శివమొగ్గలో ఉన్నాయి. వాటిని చూడబోయేవాళ్లు తుప్పును దాటి మూడు చోట్ల చూపు నిలపాలి: అంచులు కలిసిన అతుకు, మూసిన కొన, తెరిచిన మూతి. పని మంచిచెడ్డలు అక్కడే తేలతాయి. ఆ వెయ్యిలో ఒకటి రెండైనా బెంగళూరు పాత పేటకు రావాలి. గాజు, బియ్యం, పత్తి, కుండ, నూనె అన్నిటికీ ఒక వీధినిచ్చి గౌరవించిన పేట అది. బళేపేటకూ తారామండలపేటకూ నడుమ ఎక్కడో ఒక చిన్న గదిలో ఆ గొట్టాన్ని పెట్టి, పక్కన సుత్తి, దాగలి, వెదురు, పచ్చితోలు అమర్చి, ఎలా చేశారో వివరిస్తే చాలు. ఆ కింద రాజు పేరు ఎలాగూ రాస్తారు. దానితోపాటు కమ్మరి, మందు కూరినవాడు, తోలుపనివాడు అని మూడు వృత్తుల పేర్లూ రాయాలి. ఇంగ్లీషు కిరీటం నకలు చేసుకునేంత గొప్పగా ఎదిరించింది ఆ ముగ్గురి చేతులే.